పోతే ఆమె కాలు, వస్తే నా నోరు

ఫ్లెక్సీలో ఆమెకు కాళ్ళు లేవు.

సూర్యాపేటలో మా అత్తగారింటి సందు మొదట్లో, కరెంటు స్తంభానికి కట్టారు. దశదిన కర్మకు రమ్మని పిలుపు, కింద తమ్ముళ్ళ పేర్లు, మేనల్లుళ్ళ పేర్లు, వార్డు లీడర్ల బొమ్మలు, మధ్యలో ఛాతీ దాకా ఆమె. ఏ పెళ్ళిలోనో తీసిన ఫొటో. పక్కనున్న వాళ్ళను చెరిపేసి వెనక మబ్బులు పెట్టారు. బతికినన్నాళ్ళూ ఆ మనిషికున్న పేరంతా కాళ్ళలోనే ఉంది. ఆ కాళ్ళనే కత్తిరించి మిగతాది వేలాడదీశారు.

"లీడర్లకు జాగ చాలలేదట," అన్నాడు మా ఆయన.

మేమిద్దరం నవ్వలేదు. ఆమె బతికుంటే నవ్వేది. నవ్వి, ఆ తర్వాత ఫ్లెక్సీ వేసినవాడి నడుము పట్టేటట్టు తిట్టేది.

ఆమె మా మామగారి అక్క. నాకు పెద్దత్త, నా బిడ్డకు పెద్ద బాపమ్మ. ఆత్మకూర్‌లో పుట్టినప్పుడు తల కన్నా ముందు కాళ్ళు బయటికి వచ్చాయట. అలా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలు మోపి తొక్కితే పట్టిన నడుము విడుస్తుందని మా వైపు నమ్మకం. ఆదివారం పొద్దున చూడాలి మా మామగారి వరండా. మార్కెట్ హమాలీలు, బస్సు డ్రైవర్లు, బడి పంతుళ్ళు, ఒక హెడ్ కానిస్టేబులు, ఒకసారైతే ఎముకల దవాఖానలో పనిచేసే కాంపౌండరు కూడా. వచ్చినవాడు చాప మీద బోర్లా పడుకోవాలి. ఆమె గోడ పట్టుకుని కుడికాలు వాడి నడుము మీద పెట్టేది. కాలితో పాటు నోరు కూడా పనిలోకి దిగేది.

"బస్తా మీద బస్తా ఎందుకెత్తినవ్‌ర? గాడిదవా? ఊపిరి వట్టు. వట్టినవా? ఆఁ, ఇగ లెవ్వు."

కానిస్టేబులుకు కూడా మినహాయింపు లేదు. "మంది వీపులు ఇరగ్గొట్టి వస్తవ్. నీ నడుము మాత్రం నేను సక్కజెయ్యాలె!"

లేచినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. దండం పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గడప దిగేటప్పుడు 'పోయొస్త' అనకూడదు. 'వస్తనంటే నొప్పి కూడ వస్తనంటది' అనేది ఆమె శాసనం. పెద్ద పెద్ద మీసాలున్నవాళ్ళు మూగవాళ్ళలా తల దించుకుని చెప్పులేసుకుని పోతుంటే నాకు నవ్వాగేది కాదు.

ఆ కాలికి జరిగే మర్యాద ఆ ఇంట్లో అల్లుళ్ళకు కూడా జరగలేదు. వేన్నీళ్ళతో కడగడం, పసుపు రాయడం, పాత చీర ముక్కతో వేళ్ళ సందుల్లో తుడవడం. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఉండేవి. ఒకదాంట్లో ఆమె, ఇంకోదాంట్లో ఆమె కుడికాలు. వియ్యంకుడు వచ్చి నిలబడ్డా సరే, కాలు కుర్చీ దిగేది కాదు. వెండి కడియం కూడా కుడికాలికి ఒక్కదానికే. రెండోది పెనిమిటి దగ్గర ఉండిపోయిందని కొందరు గుసగుసలాడేవాళ్ళు. ఆ పెనిమిటి ఎవరో, ఆమె పుట్టింటికి ఎందుకొచ్చి ఉండిపోయిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కడియం సంగతి నేను అడిగాను.

"ఒక్క కాలే పనిజేస్తది. దానికే సొమ్ము," అంది.

మాటకు మాట అనడంలో నాకు ఆ ఇంట్లో దొరికిన జోడీ ఆమె ఒక్కతే. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే మొదలైంది. నేను కోదాడ పిల్లను. ఆమె దృష్టిలో కోదాడ అంటే సగం ఆంధ్ర. "మీ కోదాడోళ్ళు అండి అండి అనుకుంటనే గొంతు కోస్తరు," అనేది. నేను డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని. కడుపులో పిండం తిరగకపోతే కాళ్ళు ముందు వస్తాయి, అందులో మహిమ ఏముందండీ అని అందరి ముందూ అడిగాను.

ఆమె తాపీగా వక్క కొరికింది. "నువ్వు తలకాయతోని వచ్చినవ్ గద. తలకాయల ఏమన్న మహిమున్నదా?"

ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను, పళ్ళు కనపడేటట్టు.

నా బిడ్డకు ఐదేళ్ళప్పుడు కాలు నొప్పి మొదలైంది. పొద్దంతా ఉరికే పిల్ల, దీపాలు పెట్టే వేళకు ఎడమకాలు పట్టుకుని కూర్చునేది. మోకాలి కింద ఎక్కడో. చూపించమంటే ఒకచోట చూపించేది, అక్కడ నొక్కితే ఇక్కడ కాదనేది. మారాం చేసే పిల్ల ఏడుస్తుంటే ఒక కన్ను మన మీద ఉంటుంది. ఇది గోడవైపు తిరిగి ఏడ్చేది. ఆ ఏడుపు విన్న తల్లికి అది నిజమో కాదో ఎవరూ చెప్పనక్కరలేదు.

మాకు మూడు ఊళ్ళు. మా ఆయన రైసుమిల్లులో పని చేస్తాడు కాబట్టి కాపురం మిర్యాలగూడ. అత్తగారిల్లు సూర్యాపేట, పుట్టిల్లు కోదాడ. మూడు ఊళ్ళ డాక్టర్లకూ చూపించాం. సూర్యాపేట ఆయన ఎక్స్‌రే తీసి, వెలుగుకు పట్టి చూసి, "ఏమీ లేదు" అన్నాడు. కోదాడ ఆయన రక్తం తీయించి, "ఏమీ లేదు" అని కాల్షియం సీసా రాశాడు. అది తియ్యగా ఉందని పిల్ల ఇష్టంగా తాగింది, లాభం అంతవరకే. మిర్యాలగూడ ఆయన కొంచెం బరువైన మాట వాడాడు.

"ఎదిగే నొప్పులమ్మా. పెరిగితే అవే పోతాయి."

"ఎదిగేది రెండు కాళ్ళూ కదా డాక్టర్‌గారూ. నొప్పి ఒక్కదానికే ఎందుకు?"

"ఫోన్లో చూసొచ్చారా?"

"కాదండీ. నా కూతురి కాళ్ళు చూసొచ్చాను."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. మిగిలినదంతా మా ఆయనతో చెప్పాడు. ఇంట్లో నోరు విప్పని మా ఆయన అక్కడ మాత్రం "అవును సార్, అవును సార్" అన్నాడు. హైదరాబాద్ కూడా వెళ్ళొచ్చాం. అక్కడ ఏసీ గదిలో కూర్చోబెట్టి అదే 'ఏమీ లేదు'ను ఇంగ్లీషులో చెప్పారు.

ఏమీ లేదన్న మాటను అందరూ శుభవార్తలా చెప్తారు. తల్లి కళ్ళొత్తుకుని దండం పెట్టాలి. ఏమీ లేకపోతే ఆ పిల్ల గోడకు తిరిగి ఏం చేస్తోంది అని అడిగితే, మీకు అనుమానం ఎక్కువ అంటారు. నువ్వుల నూనె రాశాం. ఉప్పు కాపడం పెట్టాం. నా చున్నీతో పిక్క బిగించి కట్టాం. కాసేపు పనిచేసేవి. కాసేపు ఏదైనా పనిచేస్తుంది.

సూర్యాపేటలోనే ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "మందు మనింట్ల వెట్టుకొని ఊర్లన్ని తిరుగుతున్నవ్. అత్తతోని ఒక్కసారి తొక్కియ్యరాదు?"

"నా బిడ్డేమన్నా కల్లంలో వరిగడ్డా వదినా, తొక్కించడానికి?"

ఆ మాట ఆ సాయంత్రానికే పెద్దత్త చెవిలో పడింది. తర్వాత ఒక పెళ్ళిలో, పంక్తిలో నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటూ, అందరికీ వినపడేటట్టు అంది: "కోదాడ కాల్వ నీళ్ళు తాగిన బొక్కలు. గట్టిగెట్లుంటయి?"

"కాలువ నీళ్ళు తాగిన ఎముకలు నిలబడే ఉన్నాయండీ. మీ ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగినవే వంగిపోయాయి," అన్నాను.

పంక్తి అంతా నవ్వింది. నా బిడ్డ కాలు మా ఇద్దరికీ కత్తి అయిపోయిందని ఆ నవ్వులో ఎవరికీ అనిపించలేదు.

నన్ను పడగొట్టింది ఆమె కాదు, బడి. ఒకరోజు టీచర్ పక్కకు పిలిచింది. "పాప యాక్టింగ్ చేస్తుందేమో చూడండి మేడం. పొద్దున బానే ఉరుకుతది. సాయంత్రం చదువుకోమంటేనే కాలు నొప్పంటది." ఆమెకు నేను ఇవ్వాల్సింది ఇచ్చాను, అది ఇక్కడ రాయను. కాని ఆ మాట పిల్ల కూడా విన్నది. ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా నిలబడి అడిగింది.

"అమ్మా, నేను యాక్టింగ్ చేస్తున్నానా?"

నొప్పి ఉందో లేదో అది నన్ను అడుగుతోంది. ఇన్ని 'ఏమీ లేదు'లు విని విని, తన కాలు మీద తనకే నమ్మకం పోయింది.

ఆ ఆదివారం కోదాడ పోతున్నానని మా ఆయనకు చెప్పి సూర్యాపేట బస్సెక్కాను. దారి పొడుగునా ఏమనాలో కట్టుకుంటూ కూర్చున్నాను. 'మీరే గెలిచారు' అనాలా, 'వదిన పోరు పడలేక వచ్చాను' అనాలా. ఏది అన్నా ఆమె ఏమంటుందో నాకు తెలుసు. పడదామనే వెళ్ళాను.

ఆమె అప్పుడే ఎవరి నడుమో తొక్కి పంపించి కాలు కడుక్కుంటోంది. నన్ను చూసింది, పిల్లను చూసింది. ఒక్క మాట అనలేదు. నాకు భయం వేసింది. పిల్లను తీసుకెళ్ళి కాలు పెట్టుకునే కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చోవడం నేను అప్పుడే చూశాను. తను కింద చాప మీద కూర్చుంది.

"ఏడ నొస్తది బిడ్డ?"

పిల్ల చూపించింది.

"గీడనా?"

"కాదు."

"గీడ?"

"కాదు."

"మరేడ?"

"లోపల."

"ఆఁ," అంది. పిక్క మీద అరచేయి పెట్టి చూసింది. తర్వాత లేచి, "నువ్వు లోపటికి రా," అని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గరికి వేసింది.

"నాకు తెల్వదు."

"ఏం తెలియదండీ?"

"గది ఏం నొప్పో తెల్వదు. పట్టు అయితె నాకు ఎరుకైతది. గిది పట్టు గాదు, బెణుకు గాదు. లేత బొక్క, కాలు వెడితె ఇరుగుతది. నేను తొక్క."

"మరి ఏం చెయ్యాలి?"

"తెల్వదంటున్న గద! చెవులకు గూడ డిగ్రీ చేసినవా?"

ఓడిపోవడానికి సిద్ధపడి వచ్చాను. ఆమె నన్ను ఓడిపోనివ్వలేదు. అన్నేళ్ళు ఆమె కాలిని వెక్కిరించినదాన్ని, ఆ కాలు నాకు దక్కదనేసరికి ఒళ్ళు మండిపోయింది. "ఊళ్ళో అందరి నడుములకూ మీకు తెలుసు. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తెలియదా? నా మీద కోపం పసిదాని మీద తీర్చుకుంటారా?"

స్టవ్ మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించింది. నా వైపు తిరగలేదు. "కోపముంటె తొక్కకపోదునా?" అంది.

అప్పటికే వరండాలో అలికిడి. నేను వచ్చానని ఎవరు చెప్పారో, మా వదిన ఇద్దరు ఇరుగమ్మలను వెంటేసుకుని దిగింది. "తొక్కినవా అత్తా?" అని గుమ్మంలోంచే కేక.

పెద్దత్త బయటికి వచ్చింది. కొంగు సవరించుకుంది. గోడ పట్టుకుని, కడిగిన కుడికాలు ఎత్తి, పిల్ల పిక్క మీదుగా గాలిలో ఇటునుంచి అటు తిప్పింది. పాదం తగల్లేదు, కడియం తగిలింది. చల్లగా తగిలేసరికి పిల్ల కిలకిలా నవ్వింది.

"తొక్కిన. పోతది," అంది పెద్దత్త.

వంటింట్లో తెలియదన్న నోరే, పది అడుగులు వెయ్యకముందే అలా అంది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. తెరిచిన నోరు తెరిచినట్టు ఉన్నా బాగుండేది. చెప్పులేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ అనేశాను: "వెళ్ళొస్తామండీ."

వరండా గుండె ఆగింది. మా వదిన నుదురు కొట్టుకుంది.

ఎవరైనా న్యాయం చెప్పండి. అత్తగారిల్లు దాటే కోడలు 'పోతున్నా' అనకూడదు, 'వెళ్ళొస్తా' అనాలి. అనకపోతే పెంచినవాళ్ళను తిడతారు. తొక్కించుకున్నవాళ్ళు 'వస్తా' అనకూడదు. అంటే నొప్పి వస్తుంది. ఆ గడప మీద నేను కోడలినా, రోగి తల్లినా?

పెద్దత్తకు ఆ సందేహం రాలేదు. ఆమెకు కావలసింది దొరికింది. కుర్చీలో కూర్చుని కాలు రెండో కుర్చీలో పెట్టుకుని, నిమ్మళంగా అంది: "అయిపాయె. నేను తొక్కిన, ఆమె పిలిచింది. ఇగ వస్తె నా తప్పు గాదు."

ఆ నొప్పి ఆ తర్వాత మూడేళ్ళు ఉంది. వారం ఉండేది, నెల ఉండేది కాదు, మళ్ళీ వచ్చేది. ఎప్పుడు పోయినా పెద్దత్త కాలి మహిమ. ఎప్పుడు వచ్చినా నేను వస్తానన్నందుకు. పోతే ఆమె కాలు, వస్తే నా నోరు. మా ఆయన కూడా ఒకసారి, అన్నం తింటూ, "నువ్వు ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు. బీకాం చదివిన మనిషి.

అయితే ఒకటి ఉంది. నెలకోసారో రెండుసార్లో నాకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చేది. పెద్దత్త, తొక్కించుకోవడానికి వచ్చినవాళ్ళ ఫోను అడిగి చేసేది. హలో ఉండేది కాదు, బాగున్నవా ఉండేది కాదు.

"కాలెట్లున్నది?"

"అట్లనే ఉందండి."

"ఆఁ." కట్.

నలుగురిలో మాత్రం ఎన్నడూ అడగలేదు. నలుగురిలో పిల్లను ముందుకు లాగి, "నేను తొక్కిన పిల్ల," అని చూపించేది.

మామగారి కంటి ఆపరేషన్‌కని వెళ్ళినప్పుడు ఒకసారి వరండాలో ఇద్దరమే మిగిలాం. అడిగేశాను. "ఆ రోజు తొక్కానని ఎందుకు అబద్ధం చెప్పారు?"

"నువ్వు వస్తనని ఎందుకన్నవ్?"

"మాట మార్చకండి."

కాలు కుర్చీ మీంచి దించింది. నాతో మాట్లాడడానికి ఆ కాలు దిగడం అదొక్కసారే. "తెల్వదన్ననంటె సందంత తెలుస్తది. వచ్చే ఆదివారం చాప ఖాళీ. చాప ఖాళీ అయితె గీ ఇంట్ల నేనెవరిని? తమ్ముని కొంపల పడి తినే ముసల్దాన్ని. నీకు మొగడున్నడు, డిగ్రీ ఉన్నది, నోరున్నది. నాలుగు మాటలు పడితె నీకేం గాదు. నాకు గీ కాలు తప్ప ఏమున్నది?"

"అందుకని నన్ను బలిపెట్టారా?"

"ఆఁ," అంది.

క్షమించమనలేదు, కళ్ళొత్తుకోలేదు. నా జీవితంలో ఎవరూ నాకు అంత నిజాయితీగా అన్యాయం చేయలేదు.

పిల్లకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా నొప్పి పోయింది. ఏ రోజు పోయిందో చెప్పలేను. ఒక సాయంత్రం, చున్నీ కోసం వెతికి చాలా రోజులైందని గుర్తొచ్చింది. ఎందుకు వచ్చిందో ఎలా తెలియదో, ఎందుకు పోయిందో కూడా అలాగే తెలియదు. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు పెద్దత్తకు చెప్పాను. అవతల అదే "ఆఁ". నొప్పి పోయాక కూడా ఫోన్లు ఆగలేదు. పిల్లకు బుద్ధి తెలిశాక నేను విసుక్కుని ఫోన్ దాని చేతికే ఇచ్చేదాన్ని.

పదోరోజు వరండా నిండా మనుషులు. ఆమె కుర్చీలు రెండూ ఎవరో ప్లేట్లు పెట్టుకోవడానికి వాడుతున్నారు. ఒక ముసలి హమాలీ నా బిడ్డను చూసి, "గీ పిల్లనే గద, నడవరాకుంటె అమ్మ తొక్కి నడిపిచ్చింది," అన్నాడు. నా బిడ్డకు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ కథలో అది కుంటిదై, ఆమె పాదం దేవుడి పాదమైంది. నేను తెరవబోయిన నోరు మూసుకున్నాను. చచ్చిన మనిషి చాప ఖాళీ చేసి నాకేం వస్తుంది?

చావింటి నుంచి బయల్దేరేటప్పుడు కూడా వస్తానని అనకూడదు. గడప దిగుతుంటే మా వదిన కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. "యాదున్నదా?" అంది. ఉంది. మూగదానిలా తల దించుకుని, చెప్పులేసుకుని దిగాను. మా ఆయన కార్యం పనులకు ఆగిపోయాడు. నేనూ పిల్లా బస్సెక్కాం.

సూర్యాపేట దాటిందో లేదో, పిల్ల చెప్పు విడిచి ఎడమకాలు సీటు మీదికి లాక్కుంది. చెయ్యి మోకాలి కింద పెట్టుకుంది. ఆ చెయ్యి పెట్టుకునే తీరు నాకు తెలుసు.

"నొస్తుందా?"

తలూపింది. "చాలా రోజుల నుంచి. పెద్ద బాపమ్మ పోకముందు నుంచే. నీకు చెప్తే మళ్ళీ అందరితో కొట్లాడుతవని చెప్పలే."

ఈసారి నేను వస్తానని అనలేదు. నేను పిలవలేదు, ఎవరూ పిలవలేదు. అయినా వచ్చింది. ఈ మాట ఎవరి ముందు గట్టిగా అనాలో ఆ మనిషే లేదు.

"ఆమెకు ఫోన్‌లో చెప్పిన," అంది పిల్ల.

"ఏమంది?"

"నాకు తెల్వదు బిడ్డ, మీ అమ్మకు చెప్పు అంది. దాని నోరు మంచిది గాదు గని, అది ఇడిసిపెట్టది అంది."

కిటికీలోంచి దుమ్ము కొడుతోంది. కాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చున్నీ విప్పి పిక్క చుట్టూ బిగించాను. కాలు పొడుగైంది, చున్నీ ఒక చుట్టు తక్కువ వచ్చింది.

"ఎందుకు నొస్తుందమ్మా?"

ఏమీ లేదు, తగ్గిపోతుంది అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. మూడు ఊళ్ళ డాక్టర్లు అన్నది, ఇన్నేళ్ళూ నేను కూడా దానితో అన్నది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను.

"ఆఁ," అంది. అచ్చం ఆమెలాగే అని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కాలు మాత్రం నా ఒళ్ళోంచి తీయలేదు.